మరకల పిన్ని మొహమాటం

మా అక్కకు మొహమాటం పుట్టుకతో రాలేదు. దాన్ని పంచిపెట్టిన రోజున ఆవిడ వరసలో నిలబడే ఉండదు. నిలబడినా "ఇది నాసిరకం, నాకొద్దు" అని తిప్పి పంపేసి ఉంటుంది. నా పెళ్లిలో అందరూ ఫోటోకు నిలబడితే, మా మామగారి కాలరు పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసి, "ఇది నూనె మరకండీ, మామూలు సబ్బుకు పోదు. వెళ్లేటప్పుడు మా కొట్లో ఇచ్చి వెళ్లండి" అంది. ఆ ఫోటోలో ఆయన గడ్డం ఛాతీకి ఆనించి ఉంటుంది. ఇప్పటికీ మా అక్క ఎదురుపడితే ముందు కాలరు తడుముకుని, తర్వాత కుశలప్రశ్నలు అడుగుతారు.

అక్కది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే కొట్టు. దాని పక్కదే నాది. సబ్బులు, బ్రష్షులు, బకెట్లు, బూటు పాలిష్‌లు, ఇంటికి కావలసిన చిల్లర సామాను అమ్ముకుంటాను. రెంటికీ మధ్య ఒకే గోడ. గోడలకు చెవులుంటాయో లేదో నాకు తెలియదు గానీ, ఆ గోడ అవతల మా అక్కకు మాత్రం ఉన్నాయి. నేను ఎవరికైనా "ఈ సబ్బు బాగుంటుందండీ" అంటే చాలు, అటునుంచి "ఏం బాగు, చేతులు మంటలు" అని వినబడేది. సొంత అక్క కాబట్టి ఊరుకున్నాను, లేకపోతే కోర్టుకు లాగేవాణ్ణి.

వీధిలో అందరూ ఆవిడను మరకల పిన్ని అంటారు. ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా అంతే. కొత్త సబ్బు గానీ, లిక్విడ్ గానీ వస్తే ఆవిడ చేసే పని ఒకటుంది. పాత దుప్పటి చించిన ముక్క మీద సిరా, టీ, గ్రీజు పూసి, బాగా ఎండనిచ్చి, దాంతో ఉతికి, కొట్టు ముందు తాడుకు వేలాడదీస్తుంది. దారిన పోయేవాళ్లు ఆగి, ముట్టుకుని, కావాలంటే వాసన కూడా చూసుకోవచ్చు. ఆవిడ తీర్పులు మూడే: పోయింది, పోలేదు, దండగ. ఆ తీర్పు వినకుండా నా కొట్లో సబ్బు కొన్నవాళ్లు లేరు. "పిన్ని ఏమంది?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే గోడవైపు చూసేవాళ్లు.

చదువు అయిపోయి, ఉద్యోగం ఇంకా దొరకని మా అమ్మాయి ఈ తతంగమంతా ఫోనులో తీసి వీడియోలు పెట్టడం మొదలుపెట్టింది. మేనత్త తిట్టడం, మరక వదలకపోవడం, మేనత్త ఇంకా తిట్టడం. ఇందులో జనానికి ఏం నచ్చిందో నాకు అర్థం కాలేదు గానీ, ఊరూపేరూ తెలియనివాళ్లు వేలకు వేలు చూశారు. నేను జన్మంతా విన్న తిట్లవి. నాకెవరూ లైకులు ఇవ్వలేదు.

అలా ఉండగా ఒక కంపెనీ అబ్బాయి వచ్చాడు. చేతిలో అట్టపెట్టె, మొహంలో నవ్వు, ఒంటిమీద తెల్ల చొక్కా. మా అక్క ముందు కాలరు చూసింది. చుక్క మరక లేదు. ఆవిడ సగం అక్కడే పడిపోయింది.

"మా అమ్మ మీ వీడియోలు రోజూ చూస్తుందమ్మా. మీరంటే ఎంత అభిమానమో" అన్నాడు. మిగతా సగం ఇక్కడ పడిపోయింది.

పెట్టెలో రకరకాల సీసాలున్నాయి. అక్క డబ్బు తీయబోతే, "మీ దగ్గర డబ్బులేంటమ్మా. వాడి చూడండి. నచ్చితే నచ్చిందని చెప్పండి, అంతే" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మేం ఇచ్చామని మాత్రం ప్రత్యేకంగా అనక్కర్లేదమ్మా. ఎందుకులెండి, బాగుండదు" అన్నాడు.

ఆ "బాగుండదు" అన్న మాటే కొంప ముంచింది. వ్యాపారం తెలిసినవాడు దాన్ని ఒకలా వింటాడు, మా అక్క తనకు తెలిసినట్టు వింది. ఎవరైనా ప్రేమగా ఏదైనా చేతిలో పెడితే దాన్ని నలుగురిలో చెప్పుకోవడం లేకితనమని ఆవిడ లెక్క. "నాకు వాళ్లిచ్చారు, వీళ్లిచ్చారు అని చాటింపు వేసుకుంటామేంట్రా" అంది నాతో. దాచడం ఆవిడ కంటికి మర్యాదగా కనబడింది.

ఆ సీసాల్లో గ్రీజు మరకల లిక్విడ్ నిజంగానే మంచి సరుకు. దుప్పటి ముక్క తాడుకెక్కింది, "పోయింది" అని తీర్పు వచ్చింది, నా కొట్లో సీసాలు కూడా పోయాయి. తర్వాత ఇస్త్రీపెట్టె వచ్చింది. ఆ తర్వాత ఏకంగా వాషింగ్ మిషనే వచ్చింది. పిన్ని బాగా సంపాదించి కొనుక్కుందని వీధంతా అనుకున్నారు. ఆవిడ అవుననలేదు, కాదనలేదు.

నాకు తేడా తెలిసింది గోడ వల్లే. అటునుంచి వచ్చే మాటలు మెత్తబడ్డాయి. "పర్వాలేదు" అంటోంది. "బాగానే ఉందిలే" అంటోంది. పోయిన మా బావగారు ఎంత కష్టపడి వంటచేసి పెట్టినా ఒక్కసారి కూడా "పర్వాలేదు" అనని మనిషి. ఒంట్లో బాగోలేదేమో అనుకుని వెళ్లి నుదురు ముట్టుకుని చూశాను. చెయ్యి విదిలించి కొట్టింది, ఆరోగ్యంగానే ఉంది.

అప్పుడు వచ్చింది రంగు బట్టల లిక్విడ్. అక్క ఎర్ర గుడ్డ ముక్కను అందులో నానబెట్టి తీస్తే ఒక మూల వెలిసింది. మామూలుగా అయితే ఆ ముక్క తాడు మీదికెక్కి, కంపెనీ పరువు గాలికి ఊగాలి. ఆవిడ దాన్ని మడిచి బల్ల కింద పెట్టింది.

"నీళ్లలో ఏదో తేడా ఉన్నట్టుంది" అంది. మళ్లీ తనే, "నేనే ఎక్కువసేపు నానబెట్టానేమో" అంది.

మా అమ్మాయి ఫోను పట్టుకుని, "అత్తా, ఇంతకీ ఏం చెప్తావు?" అని అడిగింది.

"బాగానే ఉందని చెప్తాలే. ఆ అబ్బాయి వాళ్లమ్మ చూస్తుంది కదే, నొచ్చుకుంటుంది."

ఆ వీడియోను ఆ తల్లి చూసిందో లేదో తెలియదు. బ్యాండు మాస్టారు చూశాడు.

పెళ్లిళ్లకు బ్యాండు వాయించే బృందానికి ఆయన పెద్ద. వాళ్ల కోట్లు ఎర్రగా, బంగారు రంగు అంచుతో దూరం నుంచే కనబడతాయి. అంచు పాడవుతుందని ఎవరి చేతికీ ఇవ్వడు, స్వయంగా ఉతుకుతాడు. సలహా మాత్రం మా అక్కనే అడుగుతాడు. ఈసారి అడగాల్సిన పని కూడా లేదు, వీడియోలో చెప్పేసింది కదా. నా కొట్లోనే సీసాలు కొని, ఇంట్లో పెద్ద డ్రమ్ములో కోట్లన్నీ ఒకేసారి ముంచాడు.

తీసేసరికి గులాబీ రంగు. అదీ సమానంగా లేదు, ఒకచోట ముదురు, ఒకచోట లేత. మర్నాడు పెళ్లి. వేరే కోట్లు లేక అవే వేసుకుని వాయించారు. పెళ్లివాళ్లు పెద్దమనసుతో ఏమీ అనలేదు గానీ, పిల్లలు డోలు వాయించే ఆయన చుట్టూ చేరి, "అంకుల్, మీ కోటు ఎండలో మర్చిపోయారా?" అని అడిగారట.

మాస్టారు ఒక కోటు హ్యాంగరుకు తగిలించుకుని వచ్చాడు. అరుస్తాడేమోనని నేను గోడ ఇవతల నుంచి బయటికొచ్చి నిలబడ్డాను. అరవలేదు. వెంట వచ్చిన బాకా ఊదే కుర్రవాడి ఫోనులో వీడియోలు చూపించాడు. వేరే ఊళ్లలో వేరే ఆడవాళ్లు, వెనకాల ఇదే మిషను, చేతిలో ఇదే సీసా, నోట ఇదే మాట.

"ఒక్కటే అడుగుతానమ్మా. ఇవన్నీ నువ్వు కొన్నావా, వాళ్లిచ్చారా?"

అక్క కోటు వైపే చూస్తూ, "ఇచ్చారు మాస్టారూ" అంది.

"ఆ ముక్క ముందే చెప్పుంటే ముందు ఒక కోటు తడిపి చూసుకునేవాణ్ణి కదా. నువ్వు కొనుక్కుని చెప్తున్నావనుకుని అన్నీ ముంచేశాను."

అంతే అన్నాడు. కోటు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టి పోయినా బాగుండేది.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. మర్నాటి నుంచి నా కొట్లో వ్యవహారం తిరగబడింది. "పిన్ని బాగుందంది" అని నేను పొరపాటున అంటే, "అయితే వద్దులెండి" అని సీసా కింద పెట్టేవాళ్లు. తమాషా ఏమిటంటే, ఆ గ్రీజు లిక్విడ్ బంగారం లాంటి సరుకు. దాన్నీ ముట్టుకోలేదు. ఆ కంపెనీ సబ్బుతోనే పుట్టినప్పటినుంచీ స్నానం చేస్తున్న పోస్టుమాస్టరు గారు కూడా, "ఎందుకొచ్చిన గొడవండీ" అని వేరేది పట్టుకుపోయారు. ఒక్క మాట దాచినందుకు చెడ్డ సీసాతో పాటు మంచి సీసాలూ మునిగాయి.

అవన్నీ ఒక ఎత్తు, మా అక్క ఒక ఎత్తు. బట్టలు వచ్చేవి, ఇచ్చేవాళ్లు ఇచ్చి వెళ్లిపోయేవాళ్లు, ఎవరూ ఆగేవాళ్లు కాదు. ఒకరోజు మా ఇంట్లో భోజనానికి కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

"నన్నెవరూ ఏమీ అడగట్లేదురా" అంది.

ఆ కంపెనీవాడికి ఫోను చేసి కడిగేస్తానని లేచాను. కూర్చోమంది.

"వాడేం చేశాడు, ఇచ్చాడు. డబ్బుకు కక్కుర్తి పడి ఉంటే నన్ను నేను తిట్టుకునేదాన్ని. మొహమాటపడ్డానురా. ఊరికే ఇచ్చిన మనిషి మొహం గుర్తొస్తుంటే, బాగోలేదనే మాట గొంతులోనే ఆగిపోయింది. నాకూ అలా అవుతుందని నాకేం తెలుసు?"

నిజమే, ఆ రోగానికి ఆవిడ ఒంట్లో అలవాటు లేదు. అందుకే అంత గట్టిగా తగులుకుంది.

మర్నాడే మాస్టారింటికి వెళ్లి కోట్లన్నీ మోసుకొచ్చింది. బంగారు అంచులు ఓపిగ్గా విప్పి, రంగులద్దే ఆయన దగ్గర కూర్చుని ముదురు మెరూన్ వేయించి, అంచులు మళ్లీ తనే కుట్టింది. ఆ పని మీద ఉండగానే మా అమ్మాయిని పిలిచి, ఫోను పట్టుకోమంది.

"అత్తా, జనం వెళ్లిపోతారేమో" అంది మా అమ్మాయి.

"వెళ్లనీ. తియ్యి."

ఊరికే వచ్చిన వస్తువులన్నీ కొట్టు ముందు వరసగా పెట్టింది. ఒక్కొక్కటే చూపిస్తూ మొదలుపెట్టింది. "ఇది ఊరికే ఇచ్చారు, బాగుంది. ఈ ఇస్త్రీపెట్టె ఊరికే ఇచ్చారు, దండగ, దీనికంటే నా అరచెయ్యి వేడిగా ఉంటుంది. ఈ మిషను ఊరికే ఇచ్చారు. బాగానే ఉతుకుతుంది గానీ అయిపోగానే పాట పాడుతుంది, నాకు తలనొప్పి. ఈ రంగు బట్టల నీళ్లు ఊరికే ఇచ్చారు. మాస్టారి కోట్లు పాడుచేసింది ఇదొక్కటే కాదు, ఇదీ నా నోరూ కలిసి చేశాయి." వెలిసిన ఎర్ర ముక్కను బల్ల కింద నుంచి తీసి తాడుకు తగిలించింది.

ఆ సాయంత్రమే కంపెనీ అబ్బాయి ఫోను చేశాడు. పాపం, గొంతు ఏడుపులో ఉంది.

"ఇలా చేశారేంటమ్మా?"

"నీ మీద కోపం లేదు బాబూ. మిషను పట్టుకుపో."

"వెనక్కి తీసుకునే పద్ధతి మాకు లేదమ్మా."

"ఇచ్చే పద్ధతి ఉంది గానీ, తీసుకునే పద్ధతి లేదా?" అంది అక్క. తర్వాత గుర్తొచ్చి, "అమ్మ బాగుందా?" అని అడిగింది. బాగానే ఉందన్నాడు. ఏడుపు గొంతులోంచి నవ్వు కూడా వినబడింది.

ఆ వీడియో కింద మెచ్చుకున్నవాళ్లున్నారు, దులిపేసినవాళ్లూ ఉన్నారు. అక్క రెండూ చదివించుకుని వింది. వీధి మాత్రం కిమ్మనలేదు. పోయిన నమ్మకం వీడియోకు తిరిగొచ్చేది కాదని నాకు అప్పుడు అర్థమైంది. జనం ఆ ఎర్ర ముక్కను చూసేవాళ్లు, తల ఆడించేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు.

కోట్లు తీసుకోవడానికి మాస్టారు వచ్చాడు. ఒకటి తొడుక్కుని, నా కొట్లో అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, అంచు కుట్టు వేలితో తడిమి చూసుకున్నాడు. బాగుందనలేదు, బాగోలేదనలేదు. మడత పెట్టించుకుని బయల్దేరినవాడు మా రెండు కొట్ల మధ్య ఆగి, నా అరలోని ఒక డబ్బా అక్కకు చూపించాడు.

"ఈ కొత్త బూటు పాలిష్ ఎలా ఉంటుందమ్మా?"

అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. ఎన్నాళ్లకో ఒక మనిషి ఆవిడను ఒక మాట అడిగాడు.

"తెలీదు మాస్టారూ. నేను వాడలేదు."

మాస్టారు తల ఊపాడు. డబ్బా కొని ఆవిడ ముందు పెట్టి, "అయితే చూసి చెప్పు" అన్నాడు.

"ఊరికే పెట్టకండి. సగం డబ్బులు నేనిస్తాను. లేకపోతే నాకు నోరు పెగలదు."

మాస్టారు పెద్దగా నవ్వి, సగం డబ్బులు లెక్కగా పుచ్చుకున్నాడు. అక్క మా బావగారి పాత బూట్లు తీసి, పాలిష్ రాసి, ఎండలో పెట్టి, నీళ్లు చల్లి, గుడ్డతో రుద్దింది. కాసేపటికి గోడ అవతల నుంచి, వీధి చివరిదాకా వినబడేలా ఒకే మాట వచ్చింది.

"దండగ."

ఆ పాలిష్ నేను రెండు పెట్టెలు తెప్పించి ఉన్నాను. మర్నాడు పొద్దున్నే పోస్టుమాస్టరు గారు వచ్చి అరవైపు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, "వద్దులెండి, పిన్ని దండగందట కదా" అన్నారు. కొట్టు పెట్టిన ఇన్నేళ్లలో నా సరుకు అమ్ముడుపోనందుకు నాకు కళ్లు చెమర్చడం అదే మొదటిసారి.