మెలితోన్ బాబాయి నాలుక

విస్కచాని ఊళ్లో మగవాళ్లందరి బుగ్గలోనూ అలుపు తెలియకుండా నమిలే కోకా ఆకు ఉంటుంది. మెలితోన్ బాబాయి బుగ్గలో మాత్రం ఊలు కోసం పెంచే ఆల్పకాల మేత ఉంటుంది. తాను నమిలి చూడనిదే ఒక్క గడ్డిపోచను కూడా ఆల్పకా మూతికి అందనివ్వడు. అరవై ఏడేళ్లొచ్చాయి, ముందు పళ్లు మూడు రాలిపోయాయి. అయినా ఉన్న పళ్లతోనే ఓట్స్ గడ్డి, బార్లీ గడ్డి, అల్ఫాల్ఫా, ఏది వస్తే అది నమిలి తీర్పు చెబుతాడు.

"నలభై ఏళ్లుగా వండి పెడుతున్నాను, బాగుందని ఒక్కసారి అన్నాడా?" అంటుంది ఆయన భార్య హిలారియా. "అదే గుప్పెడు గడ్డి నమిలితే పొద్దుగూకేదాకా దాని గుణగణాలు చెబుతూనే ఉంటాడు."

ఈ అలవాటుకు బాగా బలైంది చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు. ఇద్దరు ఎదురుపడితే సంచులు విప్పి ఒకరికొకరు ఆకు ఇచ్చుకోవడం అక్కడి మర్యాద. ఇచ్చింది వద్దంటే మొహం మీద కొట్టినట్టే. బాబాయి సంచీ పైకి అందరి సంచీల్లాగే ముచ్చటగా నేసిందే, లోపల మాత్రం ఎండుగడ్డి. పక్క లోయ నుంచి పెళ్లిమాటలకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన మర్యాదకు పోయి మూడు పోచలు నమిలి, కళ్లనీళ్లు తుడుచుకుంటూనే సంబంధం ఖాయం చేసుకుని వెళ్లాడు. పక్కింటి నికనోరా అయితే కాపురానికి వచ్చిన మొదటి రోజే గుప్పెడు నమిలింది. అప్పట్నించీ బాబాయి ఎదురొస్తే చాలు, పంటినొప్పి అని దవడ పట్టుకుంటుంది. పదకొండేళ్లుగా ఆమెకు పంటినొప్పే.

ఊరు ఈయన్ని భరించడానికి ఒక కారణం ఉంది. ఒక ఏడాది ఆయన పన్ను పీకించుకోవడానికి పట్నం వెళ్లినప్పుడు ఊరంతా కలిసి గడ్డి కొంది. పైకి బంగారంలా ఉన్న మోపుల నడుమ బూజు. పది ఆల్పకాలు పొట్టలుబ్బి పడుకున్నాయి, మూడు మళ్లీ లేవలేదు. ఆ తర్వాత బాబాయి నమలకుండా లారీ దింపుకున్నది లేదు.

ఈ ఏడు, అక్కడ చలికాలమైన జూన్‌లో, మంచు మరీ కసిగా కురిసింది. చిత్తడి నేలల్లో పచ్చిక గాజుపలకలా గడ్డకట్టింది. పోయినేడు చలికి సగం మంద పోగొట్టుకున్న నికనోరాకు ఎనిమిదే మిగిలాయి. అందులో అయిదు సూడివి. వానల్లో అవి ఈనితే మళ్లీ మంద, లేకపోతే ఊలు లేదు, ఇల్లు గడవదు. గడ్డి లారీ వచ్చిందనగానే అందరికంటే ముందు పరిగెత్తింది ఆమే.

బాబాయి మోపులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, నడిమి గడ్డి లాగి, వాసన చూసి, నమలడం మొదలుపెట్టాడు. గంటయింది.

"పెద్దాయనా, సరుకు చూస్తున్నావా, భోంచేస్తున్నావా?" అన్నాడు లారీ డ్రైవరు లియోకాడియో.

"రెండూ. ఇది తడిసి ఎండింది. ఎనక్కి తీసుకుపో."

"పైన బానే ఉందిగా."

"ఆల్పకా పైపైన తిని ఊరుకోదు నాయనా."

పదకొండు మోపులు వెనక్కి పోయాయి. లియోకాడియో లారీకి చెప్పుకుని ఏడ్చాడు. ఇక పండగనాడు ఆల్పకాల చెవులకు కట్టే రంగు ఊలు తీసి బాబాయి మోపులకు గుర్తులు కట్టాడు.

"ఎర్ర ఊలువి నావి. వెన్నలా ఉన్నాయి, ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. ఈ పసుప్పచ్చవి ఉత్త చప్పిడి, నా ఆల్పకాలు మూతి కూడా పెట్టవు. నికనోరాకి పడేయండి."

ఏటా ఇదే వరస. నికనోరాకు ఒళ్లు మండింది. కానీ ఆయన నాలుకతో వాదించి గెలిచినవాళ్లు ఆ ఊళ్లో లేరు.

మూడు రోజులకు ఆమె సూడి ఆల్పకాల్లో పెద్దది, పుయు, మేత ముట్టడం మానేసింది. ఒక పోచ కొరకడం, మూతి తిప్పేసుకోవడం. చప్పిడి గడ్డి తినక చస్తుందా ఏమిటి అని నికనోరా హడలిపోయింది. మర్నాడు మధ్యాహ్నం బాబాయి మందతో కొండెక్కడం చూసి, ఒక పసుపు మోపు వీపున కట్టుకుని ఆయన కొట్టంలో దూరింది. అది అక్కడ పడేసి ఒక ఎర్రది తెచ్చుకోవాలని ఆమె ఎత్తు. ఎత్తుకెళ్లే ముందు ఆ వెన్న సంగతేమిటో చూద్దామని ఒక పోచ నోట్లో పెట్టుకుంది.

ఉత్త పుల్ల. ముదురు కాడ, పైగా చేదు. ఇంకో మోపు చూసింది, అదీ అంతే. తన మోపు విప్పి నమిలింది. ఆకంతా లేతగా, తియ్యగా ఉంది. నికనోరా ఆ గడ్డి మీదే కూలబడింది.

"నువ్వూ మొదలుపెట్టావటే గడ్డి తినడం?" అంది గుమ్మంలో హిలారియా. చేతిలో కత్తి ఉంది. రోజూ సాయంత్రం ఈ ఇంట్లోంచి వినిపించే టకటక కట్టెలు కొట్టడం అనుకునేది నికనోరా.

"పిన్నీ, ఈ కాడలన్నీ నువ్వు తరుగుతున్నావా?"

"తరిగి నానబెడితే తింటాయిలే. మావన్నీ ముదురు మగవి, పొట్ట నిండితే చాలు. నీవి కడుపుతో ఉన్నాయి."

"మరి చప్పిడివని ఎందుకన్నాడు?"

"మంచివంటే ఊరంతా మాకంటే మాకని ఎగబడదా? నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు. పిసినారన్న పేరు ఆయన ఎంతో కష్టపడి తెచ్చుకున్నాడు."

నికనోరాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పుయు సంగతి చెప్పింది. హిలారియా నెత్తి కొట్టుకుంది. "కొత్త మేత ఒక్కసారే మోపెడు వేశావా? పాత కొండగడ్డిలో గుప్పెడు గుప్పెడు కలుపుతూ అలవాటు చెయ్యాలే తల్లీ."

కత్తి పట్టిన ఆమె మణికట్టు వాచి ఉంది. సూడివి కాని తన మూడింటికీ ఈ కాడలు తానే తరిగి పెట్టొచ్చు అనుకుంది నికనోరా. తెచ్చిన పసుపు మోపు అక్కడే వదిలి, ఇంటి నుంచి ఇంకో మూడు మోసుకొచ్చి, నాలుగు ఎర్రవి పట్టుకుపోయింది.

రెండు రోజుల తర్వాత పుయు మేత తొట్టి ఖాళీ చేసింది. ఆ పొద్దున్నే బాబాయి నములుతూ నములుతూ ఊరి కుళాయి దగ్గరికి వచ్చాడు.

"మా కొట్టంలో దొంగలు పడ్డారు."

"ఏం పోయాయి?" అన్నారు అక్కడివాళ్లు.

"నాలుగు మోపులు."

"ఆ వెన్నలాంటివా?"

"అవే. వాటి బదులు వేరేవి పెట్టి పోయారు."

"చెత్తవా?"

బాబాయి దవడ ఆగిపోయింది. మంచివంటే గుట్టు బయటపడుతుంది. చెత్తవంటే, నోట్లో తియ్యగా నానుతున్న గడ్డి ఒప్పుకోదు. "ఏదో, ఉన్నాయిలే," అన్నాడు.

నీళ్లకొచ్చిన నికనోరా దవడ మీంచి చెయ్యి తీసి, తన సంచీ విప్పి ఆయన ముందు చాచింది. లోపల పసుపు మోపులోని గడ్డి. మర్యాద మర్యాదే కదా, బాబాయి తీసుకుని నమిలాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"చప్పిడి," అన్నాడు ఆమె వైపు చూడకుండా. తర్వాత నెమ్మదిగా తన సంచీ ఆమె ముందు పెట్టాడు. నికనోరా మూడు పుల్లలు తీసుకుని పటపట నమిలింది.

"వెన్నలా ఉంది బాబాయ్."

బాబాయి ఆమెను ఎగాదిగా చూశాడు. "పంటినొప్పి తగ్గిందా అమ్మాయ్?"

"తగ్గింది," అంది నికనోరా, చేదు మింగుతూ.