మా కాలనీ పళ్లేలాటలో ఛూట్ తగువు

బిలాస్‌పూర్‌ మంగ్లాలో మా ఇంటికి దగ్గరగా కొత్తగా వేసిన పార్కులో కిందటి నెల ఒక ఇనుప స్తంభం పాతారు. దాని నడుముకి ఒక బుట్ట, బుట్ట చుట్టూ పైనుంచి వేలాడే గొలుసులు. పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్లలో ఒకాయన అందులో అరటితొక్క వేశాడు, దాంతో అది చెత్తబుట్ట అయింది. ఒక పెద్దావిడ దేవుడి దగ్గర తీసిన పూలు వేయడానికి పెట్టారనుకుని రోజూ ఆ పనికే వాడుకుంటోంది. కాపలాదారు ఎవరికీ ఏమీ చెప్పలేక దూరంగా కూర్చుంటున్నాడు, పాపం అతనికీ తెలియదు. అది పళ్లెం విసిరే ఆటలో గురి అని, పళ్లెం ఆ గొలుసులకు తగిలి బుట్టలో పడాలని, ఇలాంటి ఆట మేము ముప్పై ఏళ్లకు పైగా కిందటే ఇక్కడి రైల్వే కాలనీలో ఆడామని నేను చెబితే, నాతో నడిచే మిత్రులు నవ్వి, అచ్ఛా అనేసి టీ కొట్టు వైపు నడిచారు. ఆ అచ్ఛాలో నమ్మకం ఏమీ లేదు. ఆ ఆట ఆడినవాళ్లలో మిగిలినవాళ్లం కొద్దిమందిమి, ఉన్నవాళ్లకు కూడా భుజం నొప్పి గుర్తున్నంతగా ఆట గుర్తు లేదు. అందుకే ఇది రాసిపెట్టక తప్పదనిపించింది. అదీగాక ఆ ఆటలో ఒక తగువు వచ్చింది, ఆ తగువు మా మామగారి పరువు దాకా వెళ్లింది, ఆ సంగతి రాయగలిగినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే.

నేను పది వరకే చదివి లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేరినవాణ్ణి. కాని చదువు ఆగిందే తప్ప చదవడం ఆగలేదు. డ్యూటీ దిగి చేతుల గ్రీజు కడుక్కుని నేరుగా రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీకి పోయేవాణ్ణి. తెలుగు బీరువా ఒక్కటే ఉండేది, అది రెండేళ్లలో అయిపోయింది. తర్వాత హిందీ, ఆ తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. మన తరంలో చాలామందికి ఇలాంటి లైబ్రరీయే కాలేజీ. అట్ట ఊడిపోయిన ఒక విదేశీ పత్రికలో, చెట్ల మధ్య ప్లాస్టిక్ పళ్లెం విసురుతూ ఒక గురి నుంచి ఇంకో గురికి నడిచే మనుషుల బొమ్మలు కనిపించాయి. ఎవరు తక్కువ విసుర్లలో అన్ని గురులూ కొట్టి ముగిస్తే వాళ్లదే గెలుపు. ఇంతే ఆట. బంతి అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, మైదానం కూడా అక్కర్లేదు. మాకు కాలనీ అంతా ఖాళీ జాగాయే కదా.

మా మామగారు డ్రైవరు. నాగ్‌పూర్ వరకు బండి తీసుకువెళ్లినప్పుడు అక్కడి బజారులో నాలుగు పళ్లేలు కొనుక్కొచ్చారు. గొలుసుల బుట్టలు మాకెక్కడివి, అందుకని తొమ్మిది గురులు మేమే పెట్టుకున్నాం. దీపస్తంభం, నీళ్ల కొళాయి దిమ్మ, ఇన్‌స్టిట్యూట్ గేటు, పాత రైలు పట్టా ముక్కతో చేసిన కంచె స్తంభం, అలా. ఆదివారం ఎండెక్కక ముందే మొదలుపెట్టేవాళ్లం. ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూసేవారు, పిల్లలు పళ్లెం కోసం కాలవల్లోకి దిగేవారు. దానికి పళ్లేలాట అని పేరు పెట్టింది మా అత్తగారు, వంటింట్లో ఉండాల్సినవి వీధిలో ఎగురుతున్నాయని ఎత్తిపొడుస్తూ.

ఆ ఆటలో మామగారే మొనగాడు. పొట్టి మనిషి, తొందర లేదు. పళ్లేన్ని నడుము దగ్గర పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, స్టేషన్‌లోకి బండిని తెచ్చినట్టు మెత్తగా వదిలేవారు. మూడేళ్లు వరసగా ఏడాది చివరి పోటీ కప్పు ఆయనే తెచ్చుకున్నారు, మూడిటినీ రేడియో పక్కన పెట్టుకుని ప్రతి దసరాకీ స్వయంగా తోమేవారు.

ఇక్కడ నేనొక సంగతి చెప్పాలి. మా వాళ్లలో అల్లుడన్నవాడు మామగారి ఎదుట కాలు మీద కాలు వేసుకోడు, ఆయన లేచి నిలబడితే కూర్చోడు, ఆయన భోజనం ముగించకుండా చెయ్యి కడుక్కోడు. శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి రెండు తరాలు గడిచినా ఇవి మాత్రం మాతోనే వచ్చాయి. అలాంటిది, ఆయన కళ్లెదుట ఆయనకంటే ముందు స్తంభం కొట్టడమా? నా పెళ్లయిన కొత్తలోనే ఆట మొదలైంది, ఆ మొదటి ఆదివారమే నాకు ఈ సందేహం వచ్చింది, చేతిలో పళ్లెం కాస్త పక్కకు తిప్పి వదిలాను. అది అలవాటయిపోయింది. ఆయన గెలిచి నా భుజం తట్టి మన ఇంటికే వచ్చిందిలే బాబూ అంటే, నేను తల వంచుకుని నవ్వేవాణ్ణి. లోపల మాత్రం, నేను మనసు పెట్టి విసిరితే ఈ కాలనీలో నాకు సాటి ఎవరు అనుకునేవాణ్ణి. ఇలా అనుకుంటూ మూడేళ్లు ఎంత సుఖంగా ఓడిపోయానో చెప్పలేను.

మామగారి రిటైర్మెంటుకు ఇంక కొన్ని నెలలున్నాయనగా లైబ్రరీలో నాకు గోల్ఫ్ మీద ఒక పుస్తకం దొరికింది. అందులో హ్యాండీక్యాప్ అన్న పద్ధతి చదివి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. బాగా ఆడేవాడికీ తక్కువ ఆడేవాడికీ మధ్య పాత లెక్కల్ని బట్టి ఎంత తేడా ఉందో చూసి, పోటీ రోజున తక్కువ ఆడేవాడి మొత్తంలోంచి అన్ని విసుర్లు తగ్గిస్తారు. అప్పుడు ఎవడైనా తన రోజు బాగుంటే గెలవచ్చు. నేను ఇది ఇన్‌స్టిట్యూట్ వరండాలో వివరించగానే, దుకాణంలో ధర తగ్గించినట్టే కదా అని ఎవరో అన్నారు, దాంతో రాయితీకి ఇక్కడి హిందీ మాటే, ఛూట్, దాని పేరయింది.

తగువు అక్కడే మొదలైంది. కాలనీ రెండుగా చీలింది. మా పక్క క్వార్టర్‌లో ఒక గార్డు బాబాయి ఉండేవాడు, భారీ మనిషి, గూడ్స్ బండి వెనక పెట్టెలో కూర్చుని కూర్చుని అలా అయ్యానని చెప్పుకునేవాడు. ఆయన ఒక్కసారి కూడా గెలవలేదు, చివరినుంచి రెండోవాడు కూడా కాలేదు. ఛూట్ కోసం అందరికంటే గట్టిగా వాదించింది ఆయనే. మామగారికి మాత్రం ఇది అసలు నచ్చలేదు.

“బండి లేటయిందని గడియారం వెనక్కి తిప్పుతామేటి?” అన్నారు.

“మీ ఎక్స్‌ప్రెస్ పోవాలని మా గూడ్సుని లూప్‌లైన్లో ఎన్నాళ్లు నిలబెడతారన్నయ్యా?” అన్నాడు బాబాయి.

వరండా అంతా నవ్వింది, మామగారు కూడా నవ్వారు, కాని ఒప్పుకోలేదు. నేర్చుకున్నవాడి నేర్పు నేర్చుకోనివాడికి పంచిపెడితే ఇంక నేర్చుకోవడం ఎందుకని ఆయన వాదన. ఎప్పుడూ ఒకడే గెలిస్తే మిగిలినవాళ్లు ఆదివారం పడుకుంటారని మా వాదన. నేను పుస్తకం తెచ్చి పేరాలు చదివి వినిపించాను, అవసరమైనదానికంటే రెండు పేరాలు ఎక్కువే చదివి ఉంటాను. మూడు ఆదివారాలు ఆట కంటే మాటే ఎక్కువ నడిచింది. చివరికి మామగారు, రిటైరయ్యే ముందు ఇదే నా ఆఖరి పోటీ, నలుగురి మాటా కాదనడం ఎందుకని ఒప్పుకున్నారు. నాలుగో కప్పు కూడా ఇంటికి తెచ్చుకుని, దాంతోపాటే క్వార్టర్ ఖాళీ చేయాలని ఆయన కోరిక. అది అత్తగారు మా అందరికీ చెప్పారు.

లెక్క వేసే పని నాకే అప్పగించారు. మామగారికి ఛూట్ సున్న. బాబాయికి తొమ్మిది. నాకు ఆరు. ఆ ఆరు చూసి నేను లోలోపల నవ్వుకున్నాను, ఇదంతా నా మర్యాదకు వచ్చిన బహుమతి అని. కాని పోటీ రోజున నాలుగో గురి దాటేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆ రోజు గాలి ఎదురై మామగారికి రెండు మూడు విసుర్లు వృథా పోయాయి. ఆరు తగ్గిస్తే నేను ముందున్నాను. ఇన్నాళ్లూ ఓడిపోయి ఓడిపోయి సంపాదించిన ఛూటే ఇప్పుడు నన్ను ఓడిపోనివ్వడం లేదు. మామూలుగా పక్కకు విసిరితే చాలదు, ఘోరంగా విసరాలి. అయిదో గురి దగ్గర కాలవలోకి విసిరాను. ఆరో దాని దగ్గర కాస్త సర్దుకుని కంచె మీదుగా విసిరాను. ఏడో గురి నాకు నాలుగడుగుల దూరంలో ఉంది, చెయ్యి చాచితే అందేంత. నేను దానికి సరిగ్గా వ్యతిరేక దిక్కున విసిరితే, పళ్లెం వెళ్లి మా అత్తగారు వడియాలు ఆరబెట్టుకున్న మంచం మధ్యలో దిగింది.

మామగారు తిన్నగా నడిచి వెళ్లి, వడియాల పిండి అంటిన పళ్లేన్ని తీసి, పంచె చెంగుతో తుడిచి, నా దగ్గరికి తెచ్చారు.

“ఏటి బాబూ ఇది?” అన్నారు.

నేను తల వంచుకుని పళ్లెం అందుకున్నాను.

“ఇయ్యాలేనా, మూడేళ్లనుంచీ ఇంతేనా?”

అప్పటికీ నేను తల ఎత్తలేదు. ఆయనకు అదే సమాధానమయింది. ఆయన గొంతు పెంచలేదు. “సిగ్నల్ పచ్చగా ఉంటే నమ్మి బండి తోలినోణ్ణి నేను. ఇంట్లో మీరందరూ ఊరికే పచ్చ చూపించినారన్నమాట,” అని, పక్కనున్న తన పాత అసిస్టెంటు డ్రైవరు వైపు, బాబాయి వైపు, వరండాలో ఉన్న అందరి వైపూ ఒకసారి చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మూడు కప్పుల్లో తనది ఏది అని అడుగుతున్నట్టుంది. తర్వాత పోటీ ఆపించి, వచ్చే ఆదివారం మేమిద్దరమే ఆడతామని, ఛూట్ లేదు, మర్యాదా లేదని చెప్పి ఇంట్లోకి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం రేడియో పక్కన కప్పులు కనబడలేదు. బీరువా మీద వెనక్కి పెట్టేశారని అత్తగారు చెప్పారు.

ఆ వారం నాకు షెడ్‌లో చేతిలో పని నిలవలేదు. నిజంగా ఆడి గెలిస్తే, ఉద్యోగం దిగిపోయే మనిషికి ఆ మూడేళ్లూ పోతాయి. మళ్లీ కావాలని ఓడితే ఆయన పట్టేస్తారు, ఇంక నా మొహం చూడరు. లైబ్రరీలో నా గోల్ఫ్ పుస్తకం మొత్తం తిరగేశాను, మామగారితో ఆడేటప్పుడు ఏం చేయాలో ఆ దొరలెవరూ రాయలేదు. చివరికి నా భార్యకు అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విని, “మీరు ఓడిపోతన్నారని కాలనీ అందరికీ తెలుసు. కావాలనే ఓడిపోతన్నారని మీకొక్కరికే తెలుసు,” అని, చేట పక్కన పెట్టి, మా నాన్నకి అబద్ధం ఒద్దు, ఏదైతే అది అవుతుంది, నిజంగానే ఆడండి అంది.

ఆదివారం కాలనీ అంతా వచ్చింది. నేను మొదటి గురి దగ్గర నిలబడి, మూడేళ్లుగా దాచుకున్న బలమంతా భుజంలోకి తెచ్చుకుని, పూర్తి మనసుతో విసిరాను. పళ్లెం ఒక్కసారి పైకి లేచి, ఎడమకు తిరిగి, కొళాయి దగ్గర నీళ్లు పడుతున్న ఆవిడ బిందె మీద ఖణేలున మోగింది. సరే, మొదటిది కదా అనుకున్నాను. రెండోది తక్కువ బలంతో విసిరితే సగం దూరంలో పడింది. మామగారు ఎప్పటిలాగే నడుము దగ్గర పట్టుకుని, ఆగి, మెత్తగా వదిలారు. రెండు విసుర్లు, స్తంభం. అలా అయిదు గురులు గడిచేసరికి ఆయన నాకంటే నాలుగు విసుర్లు ముందున్నారు. నేను రొప్పుతున్నాను.

ఆయన ఆగి నన్ను పరీక్షగా చూశారు.

“ఇప్పుడూ మర్యాదేనా బాబూ?”

“లేదు మావయ్యా, ఒట్టు. ఇది నా ఆటే.”

నా చొక్కా తడిసి వీపుకు అంటుకుంది, మొహం ఎలా ఉందో నాకే తెలియదు. ఆయన దాన్ని చూసి, ముందు పెదవి బిగించి, తర్వాత ఆపుకోలేక, కొళాయి దిమ్మ మీద కూర్చుని నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆ మూడేళ్లలో నేను కావాలని తప్పించినవి ఏవో కొన్ని, మిగిలినవన్నీ వాటంతట అవే తప్పినవి, అన్నిటినీ నేనే కలిపి మర్యాద అని పేరు పెట్టుకున్నాను. తొమ్మిదో గురి అయ్యేసరికి తేడా ఎనిమిది. మామగారు లెక్క వేసే బల్ల దగ్గరికి వెళ్లి, అందరికీ వినపడేలా, “మా అల్లుడికి ఆరు చాలదు, ఎనిమిది రాయండి,” అన్నారు. ఛూట్ తగువు ఆ మాటతో ముగిసింది. వద్దని మూడు ఆదివారాలు వాదించిన మనిషే దాన్ని ఖాయం చేశారు.

ఆగిపోయిన పోటీ ఆ మరుసటి వారం మళ్లీ మొదటినుంచి ఆడాం, ఛూట్‌తోనే. బాబాయి గెలిచాడు. జీవితంలో మొదటిసారి గెలిచినవాడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు, కప్పును డ్యూటీకి కూడా తీసుకెళ్లి బండి వెనక పెట్టెలో పెట్టుకున్నాడని చెప్పుకున్నారు. మామగారికి ఏ బాధా లేదు. ఆయన పాత కప్పులు మూడూ మళ్లీ రేడియో పక్కకు వచ్చాయి. తర్వాత అవి మంగ్లాలో ఆయన కట్టుకున్న రెండు గదుల ఇంటికి వెళ్లాయి, అప్పటికి మంగ్లా ఇంకా బిలాస్‌పూర్‌లో కలవలేదు, పొలాల మధ్య పల్లె.

ఇది రాయడానికి సాయపడినవాళ్లకు నమస్కారాలు చెప్పుకోవాలి. తేడా ఏడు అని రాస్తే ఎనిమిది అని దిద్దిన నా భార్యకు, గురుల వరస గుర్తు చేసిన ఇప్పుడు దయాల్‌బంద్‌లో ఉంటున్న గార్డు బాబాయి కూతురికి, ఒకసారికి ఒక్క పుస్తకమే ఇవ్వాలన్న నియమాన్ని నా కోసం చూసీచూడనట్టు వదిలేసిన ఆ రోజుల లైబ్రరీ పెద్దాయనకు, ఆయన ఎక్కడున్నా. చివరగా మా అల్లుడికి. అతనికి తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం అంతంతమాత్రం, అందుకని నేను చెబుతుంటే ఫోన్‌లో పలికి అక్షరాలు తెప్పించాడు. మంచి కుర్రాడు, మర్యాదస్తుడే, కాని మాలా కాదు, నా ఎదుట కాలు మీద కాలు వేసుకుంటాడు, నన్ను నవ్వించి తనూ నవ్వుతాడు, ప్రతి ఆదివారం క్యారమ్స్‌లో నన్ను దయ లేకుండా ఓడిస్తాడు. అదే బాగుంది, నిజంగానే అంటున్నాను. అయినా ఎర్ర పావు ముందు అతను స్ట్రైకర్ సర్దుకునేటప్పుడు, నా కళ్లు బోర్డు మీద ఉండవు, అతని వేలి మీద ఉంటాయి, అది ఒక్క క్షణమైనా తటపటాయిస్తుందేమోనని. ఇంతవరకు తటపటాయించలేదు.