అయిదో డబ్బా

మా వీధిలో మా ఆవిడకి డబ్బాలావిడ అని పేరు. పెట్టింది నేనే. బస్సు కండక్టరుని, టిక్కెట్టుతోపాటు ఎవరికో ఒకరికి ఓ పేరు తగిలించకపోతే నాకు రోజు గడవదు. ఆవిడ అసలు పని కుట్టుమిషన్లు బాగుచేయడం. మిషన్ల మోటార్లు విప్పీ విప్పీ టంకం వేయడం నేర్చుకుంది. ఆ తరువాత ఫోన్లో వీడియోలు చూసి, అగ్గిపెట్టెంత బోర్డుకి ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది. మా వంటింటి బల్ల మీద సగం గిన్నెలు, సగం వైర్లు. టంకం పొగంతా కూరలోకి పోతోందని నేను నెత్తీనోరూ కొట్టుకున్నా చెవిన పెట్టేది కాదు.

మా ఇళ్ళు పదకొండు. మట్టికొండ వాలు కింద ఒకే వరసలో ఉంటాయి. మాది చిట్టచివరిది. రెండేళ్ళ క్రితం వానల్లో కొండ మీద బెత్తెడు వెడల్పు పగులు కనబడింది. కొలవడానికి వచ్చినవాళ్ళు కొలుచుకుని వెళ్ళిపోయారు. మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. అయిదు ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుని, ఒక్కోదాంట్లో బోర్డు, బ్యాటరీ, చిన్న రేడియో, వంపు కొలిచే ముక్క అమర్చి, ఇనప ఊచలకి బిగించి వాలు మీద పాతింది. నేల కదిలితే ఊచ ఒరుగుతుంది. ఎన్ని డిగ్రీలు ఒరిగిందో డబ్బా పది నిమిషాలకోసారి చెబుతుంది. ఆ రేడియోకి సిమ్ము అక్కర్లేదు, టవరు అక్కర్లేదు, రెండు మూడు కిలోమీటర్లు దానంతటదే అందుతుంది. అందుకునే పెట్టె ఆవిడ చేతిసంచిలో ఉంటుంది. ఇళ్ళ మధ్య స్తంభానికి బ్యాటరీతో నడిచే ఓ సైరను కట్టి, పెట్టె మీది బటన్ నొక్కితే నిమిషంసేపు మోగేలా చేసింది.

ఈ ఏడు వాన మూడు రోజులు విడవకుండా కురిసింది. రెండో రోజే కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. అందరం రోడ్డుకి అవతలున్న స్కూలు గదుల్లో తలదాచుకున్నాం. నాలుగో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది. నాలుగు డబ్బాలు ఏ మార్పూ లేదంటున్నాయి. పగులుకి అన్నిటికన్నా దగ్గరగా, మా చివరి ఇళ్ళకి సరిగ్గా నెత్తిన ఉన్న అయిదోది మాత్రం ముందురోజు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

“అది పలికేదాకా ఎవరూ ఇళ్ళకెళ్ళొద్దు,” అంది మా ఆవిడ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

“బ్యాటరీ అయిపోయుంటుందమ్మా,” అన్నాడు బేకరీ ఆయన. ఆయనది మా వరసలో మొదటి ఇల్లు.

“వానకి ముందే మార్చానండీ. యాంటెన్నా పెట్టకుండా ఆన్ చేస్తే మాత్రం ఇలా అవుతుంది. బయటికి పోవాల్సిన శక్తి వెనక్కి కొట్టి రేడియో దెబ్బతింటుంది. దగ్గరుంటే వినబడుతుంది, దూరం పోదు. కానీ నేనెప్పుడూ అలా చెయ్యను.”

ఆవిడ చెయ్యలేదు, నేను చేశాను. నెల క్రితం రిపేరుకని దించిన ఆ డబ్బాని తను మిషన్లు బాగుచేసే షెడ్డు నుంచి ఇంటికి తెమ్మంది. సంచిలో విరుగుతుందేమోనని యాంటెన్నా మర తిప్పి ఊడదీశాను. అంతటితో ఊరుకోకుండా, లోపలి ఎర్ర లైటు మినుకుమినుకుమనడం మా డ్రైవరుకి చూపించాలని స్విచ్చి వేసి అరగంట అలాగే ఉంచాను. ఇంటికి రాగానే యాంటెన్నా బిగించి ఇచ్చాను. బల్ల మీద చక్కగా పనిచేసింది. కొండ మీద కూడా ఎండ రోజుల్లో ఎలాగో నెట్టుకొచ్చింది. వాన ముసిరేసరికి ఆ కాస్త గొంతూ పోయిందన్నమాట.

చెప్పకుండా ఉండొచ్చు. కానీ రెండు రాత్రులు బెంచీ మీద పడుకున్న మా అమ్మని చూస్తే జాలేసింది. పైగా నలుగురిలో నవ్వించే అవకాశం దొరికితే నా నోరు ఆగదు.

“ఆ ఘనకార్యం చేసింది నేనేనండీ!” అన్నాను చేతులు జోడించి. “పాపం, కొండని అనుమానించకండి. ముద్దాయి ఇక్కడున్నాడు!”

గదంతా ఒకటే నవ్వు. మూటలు సర్దుకోవడం మొదలైంది. మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

“ఎందుకు వినబడట్లేదో తెలిసింది. అదేం చెబుతోందో ఇంకా తెలీదు కదండీ,” అంది. “ఒక్క గంట ఆగండి. దగ్గరికెళ్ళి వినొస్తాను.”

ఎవరూ ఆగలేదు. మా అమ్మ అందరికన్నా ముందుంది.

మేమిద్దరం వాలు మీద అడుగు పెట్టకుండా పక్కనున్న రాతిగుట్ట మీంచి ఎక్కాం. పైన ఓ బండ మీద ఆగి పెట్టె బయటికి తీసింది. అక్కడికి అయిదో డబ్బా యాభై అడుగులుంటుంది, పొదల చాటున. ఇక అది పలికేదాకా కాచుకోవాలి. కింద మా ఇళ్ళ పెరళ్ళు కనబడుతున్నాయి. ఒకావిడ దుప్పట్లు ఆరేస్తోంది. మా వంటింటి కిటికీ తెరుచుకుంది.

పెట్టె మీద అంకె పడింది. తొమ్మిది డిగ్రీలు.

“పాతినప్పుడు ఒకటి,” అంది ఆవిడ.

నిమిషంలోనే మళ్ళీ పడింది. ఒరుగుతుంటే నిమిషానికోసారి చెప్పమని దానికి రాసిపెట్టింది ఆవిడే. తొమ్మిదిన్నర. ఆ తరువాత పదకొండు.

బటన్ నొక్కింది. కింద సైరను లేచింది. దుప్పట్లావిడ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ తన పని చూసుకుంది. డబ్బా పాడైందని చెప్పింది నేనే కదా.

“మీరు పరిగెత్తండి. నేను నొక్కుతూనే ఉంటాను,” అంది.

ఎలా దిగానో నాకే తెలియదు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. “బయటికి రండి, కొండ కదులుతోంది!” అని మొదటి ఇంటి నుంచే అరిచాను. బేకరీ ఆయన గుమ్మంలో నిలబడి, “ఇప్పుడు కొండకేం పేరు పెట్టావయ్యా?” అన్నాడు. ఆ పక్కింటావిడ కిసుక్కున నవ్వింది. ఇరవయ్యేళ్ళుగా నేనేం చెప్పినా నవ్వడం వాళ్ళకి అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే.

ఇంట్లో అమ్మ స్టవ్వు మీద పాలు పెట్టింది. “ఒరేయ్, ఆ గోల ఆపమనరా, చెవులు చిల్లులు పడుతున్నాయి. పాడైందన్నావుగా.”

“అమ్మా, పద.” ఏడుపొచ్చేసింది. నాన్న పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళని నవ్వించి పంపినవాణ్ణి, ఆ గుమ్మంలో వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ ఒక్క క్షణం నా మొహం చూసింది. స్టవ్వు కట్టేసి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

వీధిలో నన్ను చూడగానే బేకరీ ఆయన నవ్వు ఆగిపోయింది. “వీడు ఏడుస్తున్నాడర్రా! నిజమే, రండి!” అంటూ తలుపులన్నీ ఆయనే బాదాడు.

రోడ్డు దాటి తలలు లెక్కపెట్టుకున్నాం. గుట్ట మీదున్న మా ఆవిడ కాక నలభై ముగ్గురం, అందరం ఉన్నాం. ఇంకా కూర్చోనైనా లేదు, వాలు పొదలతో సహా జారింది. అనుకున్నంత శబ్దం కూడా రాలేదు. చివరి మూడు ఇళ్ళు ఉండాల్సిన చోట మట్టి ఉంది.

సైరను మాత్రం ఆగలేదు. నిమిషం మోగుతుంది, ఆగుతుంది, మళ్ళీ మోగుతుంది. ఖాళీ ఇళ్ళకి ఇంకా ఎందుకు మోగిస్తోందా అని విసుక్కోబోయి, అప్పుడు గ్రహించాను. గుట్ట మీంచి పెరళ్ళే కనబడతాయి, వీధి కనబడదు. మట్టి మా ఇంటి మీద పడటం ఆవిడ చూసింది. మేం బయటపడటం చూడలేదు. చెప్పడానికి ఫోను లేదు.

మళ్ళీ ఎక్కాను. అరగంట పట్టింది. ఆ అరగంటా అది మోగుతూనే ఉంది. ఆవిడ అదే బండ మీద, పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసింది.

“అత్తయ్య?”

“బయటే ఉంది. అందరూ బయటే ఉన్నారు.”

విని తలూపింది. కానీ వేలు బటన్ మీంచి రాలేదు, బిగుసుకుపోయింది. నేను పక్కన కూర్చుని మెల్లగా విడదీశాను. కింద సైరను ఆగింది.