మసకబారిన బట్టమేకపిట్ట

నా చిన్నప్పుడు మా నాయన నాతో పదమూడు రోజులు మాట్లాడలేదు. అప్పుడు నేను ఆరో తరగతి. ఇప్పుడు నాకు అరవై దాటాయి, ఆయన లేడు. అయినా ఆ రోజులు ఒక్కొక్కటీ ఇప్పటికీ లెక్కపెట్టి చెప్పగలను.

అనంతపురం దగ్గర గార్లదిన్నె అవతల మా ఊరి వెనక పెద్ద గడ్డి బీడు ఉండేది. అందులో బట్టమేకపిట్ట తిరుగుతోందని మొదట కనిపెట్టింది మా నాయనే. ఆయన బడిలో డ్రాయింగు మాస్టరు. నడుమెత్తు పిట్ట అది, అప్పటికే అరుదైపోయింది. పొడుగాటి తెల్లని మెడ, నెత్తిన టోపీ పెట్టినట్టు నల్లని ఈకలు. ఆ వేసవిలో బీడును దున్నుకోవడానికి పంచిపెడతారన్న మాట పుట్టింది. ఆ పని మీద జీపులో వచ్చిన ఆఫీసరును కలిసి నాయన పిట్ట సంగతి చెప్పాడు. “నోటిమాట సాలదు సారూ. ఆ పిట్టేనని తెలిసేటట్టు ఫోటో తెచ్చియ్యండి, ఆపిస్తా” అన్నాడాయన.

నాయన ఒక స్నేహితుణ్ణి అడిగి, తన కెమెరాకు దూరంలోవి దగ్గరగా తీసే, మోచేయంత పొడవున్న టెలిఫోటో లెన్సు తెచ్చాడు. లెన్సు సంచి నేనే మోస్తానని పట్టుబట్టాను. మొదటి రోజే రాయి తగిలి బోర్లా పడ్డాను, సంచి కూడా పడింది. నాయన లెన్సు తీసి గాజు చూసి, ఏమీ కాలేదులే అన్నాడు. ఒంటిపూట బడి వదిలాక మిట్టమధ్యాహ్నం బీడుకు పోయేవాళ్లం. పిట్ట బెదురుతుందని చాలా దూరంలోనే ఆగి, స్టాండు మీద కెమెరా పెట్టి తీసేవాడు.

అప్పట్లో రీలు కడిగి వచ్చేదాకా ఏం పడిందో తెలిసేది కాదు. వచ్చిన ఫోటోల్లో పిట్ట మెడ ఎక్కడిదాకానో, గడ్డి ఎక్కడి నుంచో తెలియలేదు. రెండో రీలూ అంతే. నాయన ఆ ఫోటోలను మంచం మీద పరిచి చాలాసేపు చూశాడు. “నువ్వు కింద పడేసినప్పుడే లోపల ఏందో కదిలింటాది” అన్నాడు. తర్వాత మాటలు లేవు. అన్నం దగ్గర కూడా నా వైపు చూసేవాడు కాదు. కొట్టి ఉంటే బాగుండేదనుకున్నాను.

పద్నాలుగో రోజు తెల్లవారుజామునే, “పా. నువ్వు చేసిన పని నువ్వే చూస్తువు” అని నన్ను అనంతపురం తీసుకుపోయాడు. అక్కడ రీళ్లు కడిగే స్టూడియో పెద్దాయన ముందు లెన్సు చూడలేదు, ఫోటోలు చూశాడు. “చెయ్యి కదిలింటే అంతా ఒక పక్కకు సాగల్ల. ఫోకసు తప్పింటే ముందర గడ్డో, ఎనకాల గడ్డో బాగుండల్ల. ఇది రెండూ కాదు. అంచులు సూడు సారూ, పొయ్యి మీద ఆవిరిలో కనపడినట్టుండాయి” అన్నాడు. స్టూడియో వెనక గోడకు పాత పేపరు అంటించి, ఇంకా చల్లగా ఉండగానే ఇరవై అడుగుల నుంచి ఒక ఫోటో తీయించాడు. ఎండ ముదిరాక, ఆ గోడ ముందున్న ఖాళీ చేను అవతలి నుంచి అదే పేపరును ఇంకొకటి. రెండుసార్లూ, “పాపనే నొక్కనీ” అన్నాడు. రెండుసార్లూ నేనే నొక్కాను.

సాయంత్రానికి కడిగి ఇచ్చాడు. మొదటి దానిలో సన్న అక్షరాలు కూడా చదవగలిగాను. రెండో దానిలో పెద్ద అక్షరాలే నీళ్లలో ఆడుతున్నట్టున్నాయి. “లెన్సుకేం కాలేదు. నేల కాలి గాలి ఆడతాంటే గాజేం చేస్తాది? పొద్దున్నే పోండి, మెల్లగా దగ్గరికి పోండి. బిడ్డనేమీ అనొద్దు సారూ” అన్నాడు.

బస్సులో నాయన ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని కాచుకున్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి ఇద్దరం బీడు దగ్గరున్నాం. ట్రాక్టర్లు మాకంటే ఒకరోజు ముందే వచ్చాయి. సగం బీడు ఎర్రగా తిరగబడి ఉంది. ఎండెక్కేదాకా తిరిగినా పిట్ట కనిపించలేదు. తర్వాత కూడా ఎవరికీ కనిపించలేదు.

ఆ వారంలో ఆఫీసరు మళ్లీ వచ్చాడు. బడి ముందర నలుగురూ ఉండగా, “ఏమి సారూ, ఫోటో అంటిరి?” అని నాయనను అడిగాడు. “మా పాప లెన్సు కింద పడేసింది సార్. ఫోటోలన్నీ చెడిపోయినాయి” అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. ఆయన ముఖంలోకే చూశాను. ఆయన చూడలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఊళ్లో నేను పిట్టను పోగొట్టిన పాపనే. చివరి రోజుల్లో ఆయనకు అన్నం తినిపిస్తూ, ఆ రోజు అలా ఎందుకన్నావని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఇప్పుడు నేనూ పిట్టల ఫోటోలు తీస్తాను. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు మసక ఫోటోలు ఫోనుకు పంపి లెన్సు మార్చమంటారా అని అడిగితే, ఎన్ని గంటలకు తీశారు, ఎంత దూరం నుంచి తీశారు అని ముందు కనుక్కుంటాను. ఇది స్టూడియో పెద్దాయన పెట్టిన భిక్ష. నాయన నుంచి వచ్చింది ఇంకొకటి ఉంది. ఇంట్లో ఏది పగిలినా, ఏ పని చెడినా, ఎవరూ అడగకముందే “నా తప్పే” అనేస్తాను. ఎంత మంచి మనసో అంటారు చూసినవాళ్లు. మంచితనం కాదది. ఆ మాట ఇంకొకరి నోట వినడానికి భయం.