తలనొప్పి అన్న రోజు

యానాం బస్టాండులో కాకినాడ బస్సు కోసం కూర్చున్నప్పుడు నా పక్కకు ఒక ముసలి జంట వచ్చింది. ఆయనకు కుడిచెయ్యి సరిగ్గా లేవడం లేదు. ఆవిడ కమలాపండు ఒలిచి ఒక్కొక్క తొనే ఆయన ఎడమచేతిలో పెడుతోంది.

“గింజలు తియ్యవే,” అని కసిరాడాయన.

ఆవిడ నవ్వి నాతో చెప్పింది. “మొన్న వేసంకాలంలో ఉన్నట్టుండి తల బద్దలైపోతందన్నారండి. ఎప్పుడూ తలనొప్పనే మనిషి కాదు. మాట కూడా ముద్దగా వచ్చింది. భయమేసి అప్పటికప్పుడు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లిపోయేను. స్ట్రోకంటండి. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవోరు కాదంట.”

మా ఆయన కూడా ఒక మధ్యాహ్నం ఆ మాటే అన్నారు. నేను నుదుటికి బామ్ రాసి, కాసేపు పడుకోమని తలుపు దగ్గరగా వేసి వచ్చాను. ఆయన మళ్లీ లేవలేదు.

ఆవిడను చూస్తే నాకు కడుపు మండిపోయింది. ఆవిడ తెలివి మీదా, అదృష్టం మీదా, ఆఖరికి ఆయన ఆవిడను కసరడం మీద కూడా అసూయ పుట్టింది.

“మీవారు రాలేదాండీ?” అని అడిగింది.

“ఇంటి దగ్గరున్నారు,” అన్నాను.

“ఈ వయసులో తలనొప్పంటే మాత్రం అశ్రద్ధ చెయ్యకండేం.”

“లేదండి, జాగ్రత్తగానే చూసుకుంటాను,” అన్నాను.