మునియప్ప చేతి మీద వేసిన నింద

ఎనిమిదేళ్ళు ఒక అబద్ధాన్ని మోస్తూ తిరిగాను. పెద్ద కథేమీ కాదు, రెండు ముక్కలు. చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు మొదలుపెడితే మధ్యలో ఎక్కడో నన్ను నేనే వెనకేసుకొస్తాను. నా సంగతి నాకు తెలుసు.

వింటే మీకు నవ్వు రావచ్చు. కారుకు పాలిష్ పెట్టే మెషీను ఒకటి కొన్నాను. తప్పుడు మెషీను కొన్నాను. అంతవరకు తెలివితక్కువతనం. దానికి ఎవరూ ఎనిమిదేళ్ళు కుమిలిపోరు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ యూనిట్‌లో కుట్టు మెషీన్లు బాగుచేసేవాణ్ణి. యూనిట్ వెనక సందులో మునియప్ప షెడ్డు. కార్లకు రంగు కొట్టడం ఆయన పని. తాతల కాలంలోనే హోసూరు పక్క నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఆయన అప్పట్లో పాలిషంతా చేత్తోనే పట్టేవాడు. దానికి మెత్తటి బనియన్ గుడ్డ కావాలి. మా యూనిట్‌లో కత్తిరించి పారేసిన ముక్కలు నేను సంచీలో కూరి తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి. అలా కుదిరింది స్నేహం. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను అప్పా అనేవాడు.

ఆయన చేతికి ఆ చుట్టుపక్కల పేరుండేది. రంగు ఆరిన తర్వాత వేళ్ళ వెనక భాగంతో బానెట్ మీద మెల్లగా రాసి, ఎక్కడ పలచగా పడిందో, ఎక్కడ మందంగా పడిందో చెప్పేసేవాడు. అలాంటి మనిషి ఒకరోజు టీ తాగుతూ, కుడికంట్లో మసకగా ఉంటోందని నాతో అన్నాడు. ఇంట్లో చెప్పలేదట, గిరాకీలకు తెలిస్తే అసలే కష్టమట. చెయ్యి ఎప్పుడు మోసం చేస్తుందోనని లోపల దిగులుగా ఉందన్నాడు. ఆ దిగులు తెలిసినవాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే. ఇది గుర్తుపెట్టుకోండి. నేను చేసినదాని బరువంతా ఇక్కడే ఉంది.

ఆదివారాలు కార్లకు మెషీను పాలిష్ పెడదామని నాకు ఆశ పుట్టింది. మునియప్ప సంతోషపడ్డాడు. ఎలాంటి మెషీను కొనాలో ఓపిగ్గా చెప్పాడు. కొత్తవాడికి ఊగుతూ తిరిగేది మేలు, గట్టిగా నొక్కితే అదే నిలిచిపోతుంది, రంగు బతికిపోతుంది. అది దొరక్కపోతే వేగం తగ్గించుకునే మీట ఉన్నదైనా తీసుకో. ఇనుము కోసే గ్రైండర్‌కు ఉన్ని టోపీ తగిలించి ఇస్తారు, చవగ్గా వస్తుంది, దాని జోలికి పోవద్దు. ఏది కొన్నా అంచులకు టేపు అంటించు, రంగు అక్కడే పలచగా ఉంటుంది.

విన్నాను. తల ఊపాను. పనిముట్ల అంగళ్ళుండే ఎస్.పి. రోడ్డుకు పోయి ఏం కొన్నాననుకుంటున్నారు? గ్రైండర్ కొన్నాను.

డబ్బుకు చూసుకుని కాదు. పొగరు. మా యూనిట్‌లో మెషీను గొప్పతనమంతా వేగంలోనే ఉండేది. నిమిషానికి ఎన్ని కుట్లు వేస్తుంది అన్నదే మాట. పదేళ్ళు అదే లెక్కలో బతికినవాణ్ణి. అంగడివాడు ఊగే మెషీను ఆన్ చేసి చూపిస్తే అరచేత్తో నొక్కాను. ఆగిపోయింది. నొక్కితే ఆగిపోయేది కూడా ఒక మెషీనేనా అని నవ్వాను. ఆ ఆగిపోవడమే దాని మంచితనమని ఇప్పుడు తెలుసు. గ్రైండర్ చేతిలో పట్టుకుంటే భుజం దాకా అదిరింది. అదీ మెషీనంటే అనుకున్నాను. మునియప్పకు మాత్రం వేగం తగ్గించుకునేదే కొన్నానని చెప్పాను. అది మొదటి అబద్ధం. చిన్నదని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆయుధపూజ ముందు రోజు. బెంగళూరులో ఆ రోజు కారు కడగనివాడు ఉండడు. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన శివశంకరయ్య గారి కారుకు పాలిష్ పెట్టడానికి పోయాను. ముదురు ఎరుపు రంగు కారు. రెండు నెలల కిందటే మునియప్ప కొత్తగా రంగు కొట్టి ఇచ్చాడు. నాకీ గిరాకీని చూపించిందీ ఆయనే. తలుపులు అద్దంలా వచ్చాయి. పైకప్పు వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఆపకుండా పట్టిస్తూనే ఉన్నాను. టేపు వేయలేదు. టేపు అంటించే ఓపిక ఉంటే ఆ మెషీను ఎందుకు కొంటాను?

బానెట్ అంచు మీదికి మెషీను జారింది. ఒక్క క్షణం. కాలిన వాసన వచ్చింది. తీసి చూస్తే బొటనవేలంత పొడవున ఎరుపు లేదు. కింద పూసిన బూడిదరంగు పూత కనబడుతోంది.

శివశంకరయ్య గారు గుమ్మడికాయ, నిమ్మకాయలు తేవడానికి మార్కెట్టుకు పోయి ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆ గీత ముందు నిలబడ్డాను. ఏమాలోచించాను అప్పుడు? నిజం చెప్పాలంటే ఏమీ ఆలోచించలేదు. భయపడ్డాను, అంతే. మొదటి పది కార్లలోపే చెడ్డపేరు వస్తే మళ్ళీ ఎవరు పిలుస్తారు అన్న భయం. ఆయన వచ్చి కళ్ళజోడు సర్దుకుని బానెట్ వైపు వంగగానే, నోరు దానంతటదే తెరుచుకుంది. రంగులో థిన్నర్ ఎక్కువ పోసినట్టున్నారు సార్, పలచగా ఉంది, మెషీను తగలగానే వచ్చేసింది అన్నాను.

ఎంత సులువుగా నమ్మారో. నాకే ఆశ్చర్యమేసింది.

మర్నాడు పొద్దున కారు తీసుకుని నేరుగా మునియప్ప షెడ్డుకు పోయారు. నన్నూ ఎక్కించుకున్నారు, సాక్ష్యానికి. మునియప్ప అప్పుడే కంప్రెసరుకు, రంగు కొట్టే గన్నుకు పసుపు కుంకుమ పెట్టి పూజ ముగించాడు. నుదుటి మీద బొట్టు తడి కూడా ఆరలేదు. వంగి ఆ గీత మీద గోటితో గీకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అంచుకు టేపు వేసినావా అప్పా?"

"వేసినానన్నా."

"స్పీడు తగ్గించే పెట్టినావా?"

"తగ్గించే పెట్టినా."

ఆయన నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే ఎంత బాగుండేది. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే, మెషీను చూపించమని ఉంటే, నేను అక్కడే కూలిపోయేవాణ్ణి. ఆయన తన కుడిచేతి వేళ్ళను చూసుకున్నాడు.

"అట్లయితే నా చెయ్యే తప్పినట్టుండాది," అన్నాడు. శివశంకరయ్య గారితో, "నాదే తప్పు సార్. బానెట్టు మళ్ళా కొట్టి ఇస్తాను," అన్నాడు.

గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. నేను తడుముకోలేదు. ప్రసాదం చేతిలో పెడితే తిన్నాను.

తర్వాత జరిగిందే నన్ను తినేసింది. బానెట్ మళ్ళీ కొట్టేటప్పుడు మునియప్పకు చెయ్యి మీద నమ్మకం పోయింది. రెండు పూతలు చాలే చోట మళ్ళీ పలచనవుతుందేమోనన్న భయంతో నాలుగు వేశాడు. రంగు కారి బొట్లు కట్టింది. గీకి మళ్ళీ కొడితే మళ్ళీ కారింది. అంత అనుభవమున్న మనిషి, నిన్న మొన్న పనిలో చేరినవాడిలా. శివశంకరయ్య గారు సందులో నలుగురికీ చెప్పారు. చెప్పకపోయినా ఆగేది కాదు, ఎందుకంటే మునియప్పే చెప్పుకునేవాడు, నా కండ్లు పోయినాయి, చెయ్యి పోయింది అని. నేనాడిన అబద్ధాన్ని ఆయన తన భయంతో నిజం చేసుకున్నాడు. సంక్రాంతి లోపలే షెడ్డు వదిలేశాడు. బెళ్ళందూరులో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేరాడని విన్నాను.

అప్పుడైనా చెప్పొచ్చు కదా అంటారు. నేనూ వెయ్యిసార్లు అడిగాను నన్ను. చెప్పడానికి రెండుసార్లు షెడ్డు దాకా పోయాను కూడా. ఒకసారి ఎవరో ఉన్నారని తిరిగొచ్చాను. రెండోసారి ఆయన తప్ప ఎవరూ లేరని తిరిగొచ్చాను. పిరికివాడికి ఏదైనా సాకే.

గ్రైండర్‌ను ఇనుము కోసేవాడికి ఇచ్చేసి ఊగే మెషీను కొన్నాను. పని నేర్చుకున్నాను. యూనిట్ ఉద్యోగం మానేసి ఇదే బతుకుతెరువు చేసుకున్నాను. కొత్తగా దిగేవాళ్ళు ఏ మెషీను కొనాలని అడిగితే మునియప్ప చెప్పినవే పొల్లుపోకుండా చెప్పేవాణ్ణి. ఎవరు నేర్పారంటే నేనే నేర్చుకున్నా అనేవాణ్ణి. సిగ్గు లేదా అంటే ఉంది. సిగ్గుంటేనే కదా పేరు దాచేది.

పని నన్ను ఎక్కడికి తీసుకుపోయిందంటే, బెళ్ళందూరుకే. ఐటీ ఉద్యోగుల కార్లు. ఒకరోజు ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఖాకీ చొక్కాలో మునియప్ప. నన్ను చూసి ఆయన మొహం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి నాకు పని వెతికి పెట్టడం మొదలుపెట్టాడు. కారు కొనుక్కున్న ప్రతి వాళ్ళకూ నా గురించి చెప్పేవాడు. ఏమని చెప్పేవాడో ఒకసారి నా చెవులతో విన్నాను. "సార్, నమ్మకమైన మనిషి. పెయింటర్ని నేనే ఐనా మొగమాటం పడకుండా తప్పు తప్పని చెప్పినోడు."

రెండేళ్ళు విన్నాను ఆ మాట. రెండేళ్ళు ఆ మాట మీద అన్నం తిన్నాను. ఒక ఫ్లాటు ఆయన నాకు కాఫీ ఇస్తూ, మీ నిజాయితీ గురించి వాచ్‌మన్ చాలా చెప్పాడండీ అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టి కిందికి వచ్చేశాను.

మధ్యాహ్నం. మునియప్ప గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. కొన్నది గ్రైండర్ అని, టేపు వేయలేదని, నీ రంగులో ఏ లోపమూ లేదని. ఎలా చెప్పానో సరిగా గుర్తులేదు, తడబడ్డాను, కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు.

కారు ఒకటొస్తే ఆయన లేచి గేటు తీశాడు, మూశాడు, వచ్చి కూర్చున్నాడు. కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"రెండు పూతలు కొట్టినా," అన్నాడు, నాతో కాదు. "సరిగ్గానే కొట్టినా."

అంతే. ఇంక పో అన్నాడు. చివర అప్పా అనలేదు.

ఆ రోజు బస్సులో ఏడ్చాను. దిగేసరికి ఆకలేసింది. చాలా ఏళ్ళ తర్వాత నిజంగా ఆకలేసింది, అందుకు సిగ్గేసింది కూడా. ఆయన బతుకులో ఎనిమిదేళ్ళు నేను తినేశాను, ఆయన వయసుకు గన్ను మళ్ళీ పట్టేది లేదు, నాకేమో గుండె తేలికైంది. ఇదేం న్యాయం? న్యాయం కాదు. కానీ తేలికైన మాట నిజం, ఇకమీదట అబద్ధాలు ఆడదలచుకోలేదు.

ఇప్పటికీ ఆ అపార్ట్‌మెంట్‌కు పోతుంటాను. ఇదివరకు నన్ను చూడగానే చెయ్యూపి లోపలికి పంపేవాడు. ఇప్పుడు ఆపుతాడు. పుస్తకం నా ముందుకు తోస్తాడు. పేరు, ఫోన్ నంబరు, వచ్చిన పని రాయిస్తాడు. మెషీను సంచీ విప్పించి లోపల ఏముందో చూస్తాడు. తర్వాత కొత్తవాణ్ణి అడిగినట్టు, ఏ ఫ్లాటుకు అని అడుగుతాడు. నేను చెబుతాను. గేటు తీస్తాడు.