మధ్యాహ్నమైపోయిన జపాన్ వీధి

2022 అక్టోబరు. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో నాకు ఫ్రేమింగ్ షాపు ఉంది. పెళ్లి ఫొటోలు, డిగ్రీ సర్టిఫికెట్లు, తంజావూరు పటాలు ఎక్కువగా వస్తాయి. ఆ రోజు వచ్చింది జపాన్ బొమ్మ. ఒక్కో రంగుకీ ఒక్కో చెక్క దిమ్మ చెక్కి, కాగితం మీద అద్దిన పాత ఊరి వీధి. రెండు పక్కలా చెక్క దుకాణాలు, వాటి ముందు వెలిగించిన లాంతర్లు, గొడుగు పట్టుకుని నడుస్తున్న ఒకావిడ.

తెచ్చినవాళ్లు పక్క ఊరు అరోరాలో ఉండే రిటైర్డ్ దంపతులు. రామ్మోహన్ అంకుల్ సివిల్ ఇంజనీరు, శకుంతల ఆంటీ పిల్లల డాక్టరు. ఆంటీ కారు దిగి లోపలికి వచ్చేలోపే అంకుల్ గొంతు తగ్గించి చెప్పారు.

"ఇది మా బొమ్మ కాదంటోందమ్మా. ఎవరో మార్చేశారట. మతిమరుపు మొదలైందేమోనని వచ్చే వారం న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నువ్వు ఊరికే ఫ్రేమ్ మార్చి, అసలుది దొరికిందని చెప్పేయ్. శాంతిస్తుంది."

నాకు ఒళ్లు మండింది. కానీ పెద్దాయన, పైగా ఆ భయం నటన కాదు. అందుకే కోపం పక్కన పెట్టి, ఆంటీ రాగానే ఏం మారిందని ఆవిడనే అడిగాను.

"మా బొమ్మలో సాయంత్రం. ఇందులో మిట్టమధ్యాహ్నం," అన్నారావిడ. "పట్టపగలు లాంతర్లు ఎవరు వెలిగిస్తారమ్మా? మా అమ్మాయి పురుడికని వర్జీనియాలో ఆష్‌బర్న్ వెళ్లి, చాలా నెలలు ఉండి వచ్చాను. వచ్చేసరికి కొత్తింటి గోడకి ఇది ఉంది. ఈయనేమో అదే ఇదంటారు. ఏమో, నేనే మర్చిపోయానేమో. నా మీద నాకే నమ్మకం పోతోంది."



ఫ్రేమ్ వెనక కాగితం కోసి, మేకులు లాగి బొమ్మ బయటికి తీశాను. బొమ్మ అద్దానికి అంటుకోకుండా చుట్టూ పెట్టే అట్ట చట్రాన్ని మేం మ్యాట్ అంటాం. దాన్ని ఎత్తగానే, అంచు వెంట వేలెడు వెడల్పున చిక్కటి ఊదారంగు ఆకాశం బయటపడింది. మిగతా ఆకాశమంతా వెలిసి పాలిపోయి ఉంది.

"ఎక్కడ తగిలించారు అంకుల్?"

"కొత్తింట్లో, హాల్లో. వాస్తు చూసుకుని తూర్పు ముఖం ఇల్లు కొన్నాం కదమ్మా. పొద్దున్నే గుమ్మంలోంచి ఎండ పడే చోట మంచి బొమ్మ ఉండాలని నేనే..." ఆయన ఆగిపోయారు.

పాత ఇంట్లో అది మెట్ల పక్కన నీడలో ఉండేదట. ఇలాంటి ఊదా, గులాబీ రంగులు ఎండకి తొందరగా పోతాయి. రోజూ చూసేవాళ్లకి ఆ తేడా తెలియదు. కొన్ని నెలలు చూడని ఆంటీకి తెలిసింది.

ఆవిడ ఆ ఊదా అంచుని చాలాసేపు చూశారు. "నా కళ్లని నేనే అనుమానించుకున్నానండీ," అన్నారు భర్తతో.

అంకుల్ ఆవిడ వైపు తిరిగారు. "తప్పయిపోయింది శకుంతలా."

రంగు తిరిగి వస్తుందా అని ఆంటీ నన్నడిగారు. రాదన్నాను. రంగుల్ని తినేసే కిరణాల్ని ఆపే యూవీ గ్లాస్ వేసి, ఎండ తగలని చోట పెడితే ఉన్నదైనా నిలుస్తుందని చెప్పాను.

"అయితే మ్యాట్ మధ్య ఖాళీ ఇంకాస్త పెద్దదిగా కొయ్యమ్మా. ఆ అంచు బయటికి కనబడాలి," అన్నారావిడ.

అలాగే కోశాను. ఇది మారిపోయిందని ఎవరైనా అంటే, మనిషిని అనుమానించే ముందు ఫ్రేమ్ విప్పి చూడాలని నాకు నేర్పింది ఆ కేసే. అయితే ఆ ఒక్క బొమ్మతో ఆంటీకి ఏ జబ్బూ లేదని తేలిపోదు. ఆ సంగతి మా ముగ్గురిలో డాక్టరైన ఆవిడకే బాగా తెలుసు.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి అంకుల్‌తో అన్నారు: "అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చెయ్యకండి, వస్తాను. కానీ అక్కడ నా గురించి నేనే చెప్పుకుంటాను."